ఖాళీ రోడ్డా, ఆనని చూపా? లైడార్ తన దృశ్యతను తానే కొలుచుకొనే శాస్త్రం

లేజర్ కాంతిని అతి చిన్న స్పందనలుగా పంపి, ఎదుటి వస్తువును తాకి తిరిగివచ్చేందుకు ఆ కాంతికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కగట్టే సాధనాన్ని లైడార్ అంటారు. డ్రైవరు లేకుండా నడిచే వాహనాలకు, డ్రైవరుకు తోడ్పడే ఆధునిక కార్లకు, నేల ఎత్తుపల్లాలను పటం కట్టే డ్రోన్లకు ఇది ప్రధాన పరికరంగా మారింది. అయితే దీని పనితీరులోనే ఒక చిక్కు దాగి ఉంది. పంపిన కాంతి తిరిగి రానప్పుడు, ఎదుట ఏమీ లేనందువల్ల రాలేదా, ఉన్న వస్తువు పరికరానికి ఆననందువల్ల రాలేదా అన్నది ఆ ఒక్క కొలతతో తేలదు. మొదటిది ఖాళీ రోడ్డు, రెండవది పొంచి ఉన్న ప్రమాదం. రెండింటికీ పరికరం నమోదు చేసేది మాత్రం ఒకే శూన్యం. అందువల్ల దూరాలను కొలవడంతో పాటు, తన చూపు ఈ క్షణంలో ఎంత మేర ఆనుతోందో కొలుచుకొనే బాధ్యతను కూడా లైడార్‌కే అప్పగించవలసి వస్తోంది. ఈ పనినే దృశ్యత తగ్గుదలను గుర్తించడం అంటారు.

కాంతి రాకపోకల లెక్క

కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 1 మీటరు దూరంలోని వస్తువును తాకి రావడానికి దానికి సుమారు 6.7 నానోసెకన్లు, 100 మీటర్ల దూరంలోని వస్తువుకైతే సుమారు 667 నానోసెకన్లు పడతాయి. ఇటువంటి కొలతలను సెకనుకు లక్షల సంఖ్యలో వేర్వేరు దిశల్లో తీసుకొని, లైడార్ తన పరిసరాలను బిందువుల సమూహంగా చిత్రిస్తుంది. వాహనాలపై అమర్చే లైడార్లలో ఎక్కువ భాగం 905 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిని, కొన్ని 1550 నానోమీటర్ల కాంతిని వాడతాయి. మొదటిది కంటిలోని రెటీనా వరకు చేరగలదు కనుక దాని శక్తిని బాగా పరిమితం చేయక తప్పదు. రెండవది కంటి ముందు భాగంలోని నీటిలోనే ఇంకిపోతుంది కనుక అంతకంటే ఎక్కువ శక్తిని అనుమతిస్తారు.

తిరిగివచ్చే కాంతి పరిమాణం దూరంపైనే కాక వస్తువు రంగుపై, ఉపరితలంపై కూడా ఆధారపడుతుంది. తెల్లని పలక తనపై పడిన కాంతిలో అధిక భాగాన్ని వెనక్కి పంపితే, నల్లని గుడ్డ, రబ్బరు టైరు వంటివి పదో వంతు కంటే తక్కువే పంపవచ్చు. అందుకే లైడార్ తయారీదారులు తమ పరికరం సామర్థ్యాన్ని తరచుగా 10 శాతం పరావర్తనం గల వస్తువు ఎంత దూరంలో కనిపిస్తుందన్న లెక్కలో చెబుతారు. ఆ అంకె నిర్మలమైన గాలికి వర్తించేది. గాలి మారినప్పుడు అది కూడా మారుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దారులు

ఈ మార్పు ఎన్ని విధాలుగా జరగగలదో తెలుసుకోవడానికి ఉత్తర తెలంగాణ రోడ్లు తగిన ఉదాహరణ. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోతుంది. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్లకు మరో దారి ఉంది. ఈ దారుల చుట్టూ శ్రీరాంసాగర్ కాలువల నీటితో తడిసే వరి మడులు, ఉత్తరాన గోదావరి, దక్షిణాన సిరిసిల్లను ఆనుకొని మానేరు, దానిపై కట్టిన మధ్య మానేరు జలాశయం ఉన్నాయి. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రుల్లో నేల తన వేడిని వికిరణ రూపంలో కోల్పోయి చల్లబడుతుంది. దాన్ని ఆనుకొన్న గాలి కూడా చల్లబడి, ఆవిరి నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత అయిన తుషారస్థానానికి చేరగానే పొగమంచు ఏర్పడుతుంది. తేమ అధికంగా ఉన్న కాలువల పక్కన, పల్లపు ప్రదేశాల్లో ఇది దట్టంగాను, కొద్ది దూరంలోనే మెరక మీద పలుచగాను ఉండగలదు. ఈ కారణంగా జిల్లా మొత్తానికి వాతావరణ శాఖ చెప్పే దృశ్యత ఒక వాహనానికి చాలదు. ఆ వాహనం తానున్న చోట, ఆ క్షణంలో దాన్ని కొలుచుకోవాలి.

పొగమంచు దట్టమయ్యే కాలానికి కొంచెం అటూ ఇటూగా, కార్తీక మార్గశిర మాసాల్లో, వానాకాలం వరి కోతలు కూడా సాగుతాయి. చాలినన్ని కల్లాలు లేని చోట రైతులు వడ్లను రోడ్డు అంచున ఆరబోసి, పొద్దుగూకగానే కుప్పచేసి, మంచుకు తడవకుండా టార్పాలిన్ పరదా కప్పి, అది గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రివేళ ఈ కుప్పలు, రాళ్లు ప్రమాదాలకు దారితీస్తున్నాయని పోలీసులు హెచ్చరికలు చేస్తూనే ఉంటారు. పరదా నల్లనిదైతే దాని పరావర్తనం తక్కువ, కుప్ప ఎత్తు తక్కువ, వాలు కారణంగా దానిపై పడిన కాంతిలో కొంత పక్కకు జారిపోతుంది. పొగమంచులో లైడార్‌కు ఎదురయ్యే అతి కష్టమైన వస్తువుల్లో ఇది ఒకటి.

దృశ్యతను తగ్గించేది మంచు ఒక్కటే కాదు. వరికోత యంత్రాలు లేపే పొట్టు, దుమ్ము, గ్రానైటు రాళ్లు మోసే లారీల వెనుక లేచే ధూళి, కోతల తర్వాత కొయ్యకాళ్లను కాల్చినప్పుడు కమ్ముకొనే పొగ, వానాకాలంలో ముందరి బస్సు చిమ్మే బురదనీరు – ఇవన్నీ లైడార్ చూపును మందగింపజేసేవే. అయితే ఒక్కొక్కటి ఒక్కో తీరున మందగింపజేస్తుంది. ఆ తీరులో తేడాయే కారణాన్ని పట్టి ఇచ్చే ఆధారం.

మంచులో కాంతి ఎలా తరిగిపోతుంది

దృశ్యత 1000 మీటర్ల కంటే తగ్గితే దాన్ని పొగమంచుగా పరిగణిస్తారు. భారత వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం దృశ్యత 500 నుంచి 1000 మీటర్ల మధ్య ఉంటే పలుచని పొగమంచు, 200 నుంచి 500 మధ్య మధ్యస్థం, 50 నుంచి 200 మధ్య దట్టమైనది, 50 కంటే తక్కువైతే అతి దట్టమైనది. ఈ దూరాన్ని గాలి గుణంతో ముడిపెట్టే సూత్రాన్ని 1924లో జర్మన్ శాస్త్రవేత్త కోష్మీడర్ రూపొందించాడు. నేటి వాతావరణ శాస్త్రం అనుసరించే నిర్వచనం ప్రకారం, సమాంతర కాంతిపుంజం తన తొలి పరిమాణంలో 5 శాతానికి తగ్గేలోగా ప్రయాణించే దూరమే దృశ్యతకు కొలమానం. ప్రతి మీటరుకు కాంతి ఏ పాళ్లలో తరుగుతుందో తెలిపే అంకెను క్షీణతా గుణకం అంటారు. 3ను దృశ్యతతో భాగిస్తే ఇంచుమించు ఆ గుణకం వస్తుంది.

ఈ నిర్వచనాన్ని లైడార్‌కు వర్తింపజేస్తే సమస్య తీవ్రత బయటపడుతుంది. దృశ్యత 100 మీటర్లు ఉన్నప్పుడు కాంతి 100 మీటర్లు ప్రయాణించేసరికి 5 శాతమే మిగులుతుంది. లైడార్ కాంతి పోవాలి, మళ్లీ రావాలి. కాబట్టి 50 మీటర్ల దూరంలోని వస్తువు విషయంలోనే 5 శాతం స్థితి ఎదురవుతుంది, 100 మీటర్ల దూరంలోని వస్తువైతే ఆ 5 శాతంలో 5 శాతం, అంటే 0.25 శాతం మాత్రమే తిరిగి వస్తుంది. దూరం పెరిగే కొద్దీ దాని వర్గానికి విలోమంగా సంకేతం ఎలాగూ తగ్గుతుంది. ఆ తగ్గుదలపై ఇది అదనపు కోత. నిర్మలమైన గాలిలో నల్లని వస్తువును 200 మీటర్ల నుంచి చూడగలిగే లైడార్‌ను తీసుకొని ఈ రెండు నష్టాలనూ కలిపి లెక్కిస్తే, దృశ్యత 1000 మీటర్లు ఉన్నప్పుడే దాని చూపు సుమారు 134 మీటర్లకు, 100 మీటర్లు ఉన్నప్పుడు సుమారు 48 మీటర్లకు, 50 మీటర్లు ఉన్నప్పుడు సుమారు 31 మీటర్లకు కుంచించుకుపోతుంది. డ్రైవరుకు పెద్ద ఇబ్బందిగా తోచని పలుచని మంచు సైతం పరికరం చూపులో మూడో వంతును హరించడం ఇక్కడ గమనించదగిన అంశం.

తరంగదైర్ఘ్యాన్ని మార్చితే ఈ నష్టం తప్పుతుందా అన్న ప్రశ్న సహజం. పొగమంచు బిందువులు సాధారణంగా కొన్ని మైక్రోమీటర్ల నుంచి కొన్ని పదుల మైక్రోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. ఇది లైడార్ తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, 905 నానోమీటర్లయినా 1550 నానోమీటర్లయినా దట్టమైన మంచులో కాంతి చెదిరిపోయే పాళ్లు పెద్దగా మారవు. పొగ విషయం వేరు. కొయ్యకాళ్లు కాలినప్పుడు వెలువడే కణాలలో అధిక భాగం 1 మైక్రోమీటరు కంటే చిన్నవి. అవి కంటికి కనిపించే కాంతిని ఎక్కువగా, పరారుణ కాంతిని తక్కువగా చెదరగొడతాయి. అందువల్ల ఒకే దృశ్యత గల మంచులో, పొగలో లైడార్ చూపు ఒకే మేర ఉండదు. కెమెరా చిత్రం మసకబారింది కనుక లైడార్ కూడా అంతే మసకబారిందనుకోవడం, లేదా కెమెరాకు కనిపిస్తోంది కనుక లైడార్‌కూ కనిపిస్తుందనుకోవడం – రెండూ పొరపాటే.

గాదంకి పాఠం

మంచు కాంతిని తరుగజేయడమే కాక, అందులో కొంత భాగాన్ని నేరుగా వెనక్కి కూడా పంపుతుంది. దూరంలోని వస్తువును వెదికే వాహన లైడార్‌కు ఈ కాంతి వదిలించుకోవలసిన రొద. తిరుపతికి చేరువలోని గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో, 1998 నుంచి జరుగుతున్న పరిశోధనకు మాత్రం ఇదే ముడిసరుకు. జపాన్ సహకారంతో నెలకొల్పిన అక్కడి లైడార్ 532 నానోమీటర్ల ఆకుపచ్చని లేజర్ కాంతిని నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. గాలిలోని ధూళికణాలు, ఎత్తయిన పలుచని మేఘాలు, ఇంకా పైన గాలి అణువులు వెనక్కి చెదరగొట్టిన కాంతిని దూరదర్శినితో పోగుచేసి, ఏ ఎత్తులో ఎంత కణసంపద ఉందో, సుమారు 30 నుంచి 80 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత ఎలా మారుతోందో శాస్త్రజ్ఞులు తెలుసుకుంటారు. అక్కడ తాకడానికి గట్టి వస్తువు ఏదీ లేదు; కొలిచేది గాలినే.

గాలిని లైడార్‌తో కొలిచే ఆ రంగంలో అరవై ఏళ్లుగా పెంపొందిన గణితం రోడ్డు మీది వాహనానికి నేరుగా అక్కరకు వస్తుంది. దూరం వల్ల కలిగే సహజ తగ్గుదలను సవరించడానికి, వెనుదిరిగిన కాంతి తీవ్రతను దూరపు వర్గంతో గుణించి, ఆ ఫలితపు సంవర్గమానాన్ని దూరానికి ఎదురుగా గీస్తే, మంచు ఏకరీతిగా ఉన్న చోట ఒక వాలు గీత వస్తుంది. ఆ వాలు క్షీణతా గుణకానికి సరిగ్గా రెట్టింపు. రెట్టింపు కావడానికి కారణం కాంతి రాకపోకలు రెండూ ఆ మంచులోనే జరగడం. గీత ఎంత నిటారుగా దిగితే మంచు అంత దట్టమైనదన్నమాట. మంచు పొరలు పొరలుగా ఉండి గీత వంకర తిరిగిన సందర్భాలకు 1981లో జేమ్స్ క్లెట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, దూరపు కొస నుంచి మొదలుపెట్టి దగ్గరకు లెక్కించుకుంటూ వచ్చే స్థిరమైన పద్ధతిని చూపాడు. ఇలా రొదగా తోసిపుచ్చిన కాంతినే కొలిస్తే, ఎదుట ఒక్క వస్తువు కూడా లేని బయలు రోడ్డుపై సైతం లైడార్ తన చూపు మేరను తెలుసుకోగలుగుతుంది.

విమానాశ్రయాలలో ఇదే పని వేరొక విధంగా జరుగుతుంది. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన ‘దృష్టి’ అనే సాధనంలో కాంతిని పంపే భాగం ఒక చోట, గ్రహించే భాగం కొంత దూరంలో మరో చోట స్థిరంగా ఉంటాయి; మధ్యలో తరిగిన కాంతిని బట్టి రన్‌వే మీది దృశ్యత తెలుస్తుంది. కదిలే వాహనానికి ఎదురుగా మరో స్తంభం నాటడం కుదరదు కనుక, వెనక్కి వచ్చే కాంతి ఒక్కటే దానికి మిగిలిన ఆధారం. అయితే రోడ్డు పక్కన దృష్టి వంటి సాధనాన్ని నిలిపి, వాహన లైడార్ చెప్పే అంకె ఎంతవరకు నిజమో సరిచూడవచ్చు.

నాలుగు సాక్ష్యాలు, నాలుగు అనుమానాలు

వాహన లైడార్ తన చూపు తగ్గిందని తెలుసుకొనేందుకు ముఖ్యంగా నాలుగు రకాల సాక్ష్యాలు దొరుకుతాయి. మొదటిది తిరిగివచ్చే సంకేతం ఆకారం: గట్టి వస్తువు నుంచి సన్నని, పదునైన శిఖరం వస్తే, మంచు నుంచి దగ్గరి దూరాల్లో లేచి క్రమంగా వాలిపోయే వెడల్పాటి ఉబ్బు వస్తుంది. ఒకే స్పందనకు రెండు మూడు ప్రతిఫలనాలను నమోదు చేసే లైడార్లలో మొదటిది మంచుదై, చివరిది దాని వెనుకనున్న వస్తువుదై ఉండే అవకాశం ఎక్కువ. రెండవది గణాంక సాక్ష్యం: దూరపు బిందువుల సంఖ్య తగ్గడం, దగ్గరలో నిలకడ లేని బిందువులు పెరగడం. మూడవది తెలిసిన వస్తువుల సాక్ష్యం: రోడ్డు ఉపరితలం ఎంత దూరం వరకు నమోదవుతోంది, తెల్ల గీతలు, కిలోమీటరు రాళ్లు, సూచిక బోర్డులు మునుపటి తీవ్రతతోనే కనిపిస్తున్నాయా అన్న పరిశీలన. నాలుగవది పరికరం ముందరి అద్దం సాక్ష్యం: అద్దం లోపలి వైపు నుంచి వెనుదిరిగే కాంతి పెరిగితే దానిపై దుమ్మో, బురదో, నీటిచుక్కో చేరిందని అర్థం.

వీటిలో ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మరాదు. కోరుట్ల బజారు దాటి వరి మడుల మధ్యకు రాగానే ఇళ్లు, స్తంభాలు తగ్గిపోయి దూరపు బిందువులు అమాంతం పడిపోతాయి. అది చూపు తగ్గడం కాదు, చూడవలసినవే తగ్గడం. వాన వెలిసిన తర్వాత తడి తారురోడ్డు కాంతిని వెనక్కి పంపక ముందుకే జారవిడుస్తుంది. గాలి నిర్మలంగా ఉన్నా రోడ్డు దగ్గరలోనే ముగిసినట్లు లైడార్‌కు తోస్తుంది. లారీ వెనుక లేచిన ధూళిమేఘం గట్టి గోడలా నమోదై, అవసరం లేని చోట వాహనాన్ని ఆపించవచ్చు. అద్దంపై బురద చేరితే ఆ దిశలో చూపు పూర్తిగా పోయినా, మిగిలిన దిశలు బాగుండడం వల్ల సగటు లెక్కల్లో అది మరుగున పడవచ్చు.

ఈ అనుమానాలను విడదీసే మార్గం, లోపం స్థలంలో ఎలా పరచుకొని ఉందో, కాలంలో ఎలా మారుతోందో చూడడమే. పొగమంచు సాధారణంగా అన్ని దిశలనూ ఒకే తీరున తాకుతుంది, నెమ్మదిగా మారుతుంది. అద్దం మీది మరక వాహనం ఎటు తిరిగినా పరికరపు అదే కోణంలో నిలిచి ఉంటుంది, చుట్టూ ఉన్న ప్రపంచంతో పాటు జరగదు. ధూళిమేఘం ఒక దిశలో పుట్టి, ఆకారం మార్చుకుంటూ, కొద్ది సెకన్లలో పలుచబడుతుంది. తడి రోడ్డు నేల బిందువులను మాత్రమే మాయం చేసి, నిలువు వస్తువులను యథాతథంగా ఉంచుతుంది. బయలు ప్రదేశంలో దూరపు బిందువులు తగ్గినా, దగ్గరలో మంచు ఉబ్బు కనిపించదు. ఈ గుర్తులన్నింటినీ కలిపి, ఒక్క క్షణపు కొలతను కాక కొన్ని సెకన్ల వరుసను చూసి, ఏ కారణానికి ఎంత సంభావ్యత ఉందో లెక్కించి నిర్ణయం తీసుకొనే విధంగా సాఫ్ట్‌వేర్‌ను రూపొందిస్తారు. ప్రతి చిన్న అనుమానానికీ హెచ్చరించే వ్యవస్థ జాతీయ రహదారి నడుమ వాహనాన్ని హఠాత్తుగా ఆపి, వెనుకవారికి ప్రమాదం తెస్తుంది. మరీ ఆచితూచి హెచ్చరించేది ముందున్న ప్రమాదాన్ని దాటవేస్తుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో స్థానిక అనుభవం లేకుండా తేలదు.

తెలిసిన తర్వాత చేయవలసింది

చూపు మేర తెలియడం వల్ల కలిగే తక్షణ ప్రయోజనం వేగ నిర్ణయం. వ్యవస్థ స్పందించడానికి అర సెకను పడుతుందని, తడి రోడ్డుపై బ్రేకు వాహనవేగాన్ని ప్రతి సెకనులోను సెకనుకు 5 మీటర్ల మేర తగ్గించగలదని అనుకొంటే, 48 మీటర్ల చూపు ఉన్నప్పుడు నిశ్చలంగా ఉన్న కుప్ప ముందు ఆగగలిగే గరిష్ఠ వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు, 31 మీటర్ల చూపుకు సుమారు 55 కిలోమీటర్లు. ఇరుకు రోడ్డుపై ఎదురుగా మరో వాహనం అదే వేగంతో వస్తుంటే ఆగడానికి మిగిలేది అందులో సగం దూరమే. అప్పుడు 31 మీటర్ల చూపుకు తగిన వేగం గంటకు సుమారు 37 కిలోమీటర్లకు పడిపోతుంది. చూపు మేరను కొలవని వాహనానికి ఈ లెక్క వేసుకొనే వీలే లేదు.

అంతర్జాతీయ నియమాలు కూడా ఈ దిశగానే సాగాయి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2020 జూన్‌లో ఆమోదం పొంది, 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన 157వ నిబంధన, స్వయంచాలకంగా వరుస తప్పకుండా నడిచే కార్లు తమ గ్రాహకాల చూపును తగ్గించే పరిస్థితులను గుర్తించి, వేగం తగ్గించడమో, వ్యవస్థను పనిచేయనివ్వకపోవడమో, నియంత్రణను డ్రైవరుకు అప్పగించడమో చేయాలని నిర్దేశించింది. చూపు తగ్గిన లైడార్‌కు తోడ్పడే మరో సాధనం రాడార్. 77 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగాల పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. మంచు బిందువుల కంటే ఎన్నో రెట్లు పెద్దవి కనుక అవి పొగమంచును ఇంచుమించు నష్టం లేకుండా దాటుతాయి. రాడార్ చూస్తున్న లారీ లైడార్‌కు కనిపించకపోతే, అది లైడార్ చూపు తగ్గిందనడానికి మరో సాక్ష్యం. కానీ లోహమేదీ లేని, నేలకు అంటుకొని ఉన్న వడ్ల కుప్ప నుంచి రాడార్‌కు అందే ప్రతిఫలనం బలహీనం; ఆ ఒక్క వస్తువు విషయంలో లైడార్‌ను రాడార్ పూర్తిగా భర్తీ చేయలేదు.

ఇటువంటి పరిశోధనకు తెలంగాణలో వేదిక ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో, స్వయంచాలిత వాహనాల కోసం ఏర్పడిన టీహాన్ కేంద్రపు పరీక్షాక్షేత్రాన్ని 2022 జులైలో కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించారు. పరీక్షా రోడ్లు, కూడళ్లు, కృత్రిమ వాన కురిపించే ఏర్పాట్లు అక్కడి సదుపాయాల్లో భాగం. భారతీయ రోడ్ల తీరు వేరని గుర్తించిన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు రోడ్లపై సేకరించి 34 వర్గాలుగా గుర్తులు పెట్టిన 10 వేల చిత్రాల సంపుటిని ఇప్పటికే లోకానికి అందించారు. మంచు, వాన వంటి పరిస్థితులకు ప్రసిద్ధమైన లైడార్ సంపుటి ఒకటి 2020లో ఐరోపా నుంచి వెలువడింది. అది ఉత్తర ఐరోపా రోడ్లపై 10 వేల కిలోమీటర్లకు పైగా తిరిగి సేకరించినది. అక్కడి హిమపాతం నుంచి నేర్చుకొన్న పరిమితులు ఇక్కడి వడ్ల పొట్టుకు, ఎర్రదుమ్ముకు, కాలువ పక్కని మంచుకు సరిపోతాయని ముందుగా అనుకోవడానికి ఆధారం లేదు.

లైడార్ కొనుగోలు పత్రాలలో సాధారణంగా కనిపించే గరిష్ఠ దూరం ఒక్కటే దాని విలువకు కొలమానం కాజాలదు. ప్రతి దిశలోను, ప్రతి సెకనులోను, తక్కువ పరావర్తనం గల ఒక చిన్న వస్తువు తనకు ఎంత దూరం వరకు కనిపించగలదో పరికరం స్వయంగా ప్రకటించాలి, ఆ దూరానికి ఆవల ఉన్నదాన్ని ఖాళీగా కాక ‘తెలియని ప్రదేశం’గా నమోదు చేయాలి, ఆ ప్రకటన ఎంతవరకు నిజమో స్వతంత్రంగా పరీక్షించాలి. ఆ పరీక్షకు తెల్లని ప్రమాణ పలకతో పాటు నల్ల పరదా కప్పిన, మోకాలెత్తు వడ్ల కుప్పను కూడా ప్రమాణ వస్తువుగా స్వీకరిస్తే, కార్తీకం నుంచి పుష్యం దాకా జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల రోడ్లు కోరే భద్రతకు ఆ అంకె అర్థవంతమైన హామీ అవుతుంది.